మైకులో చెప్పలేని రోగం

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మిలిటరీలో నేను చూసిన మంచు ఆరడుగులు. సెలవుల్లో ఊరికొచ్చి చెప్పేసరికి పన్నెండడుగులైంది. మా చిన్నమామ దాన్ని కల్లు దుకాణం దగ్గర ఇరవై చేశాడు. నా పూచీ మొదటి పన్నెండు వరకే.

కాబట్టి ఇందులో దోమ పిచ్చుకంత కనిపిస్తే సగానికి తగ్గించుకోండి. రక్తం మాట వచ్చినప్పుడు మాత్రం ఏమీ తగ్గించకండి. అది ఉన్నంతే రాశాను. ఒక్కచోట మాత్రం పూర్తిగా అబద్ధమాడాను. ఎక్కడో చివర్లో నేనే చెబుతాను.

అందరూ నన్ను సరిహద్దు గురించి అడుగుతారు. సరిహద్దులో భయం వేసింది, కానీ అందరికీ కలిసి వేసింది. పంచుకున్న భయం పెద్ద బరువేమీ కాదు. నేను ఒంటరిగా భయపడిన డ్యూటీ ఒక్కటే. అది హవల్దారుగా రిటైరయ్యాక, గుమ్మడిదల దారిలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు లోపల జరిగింది.

చేరింది మే నెలలో, ఉదయం ఏడు గంటలకు. అప్పటికే ఎండ లాఠీ పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా తారు రోడ్డు. వెనక నీలగిరి తోట. పక్కన వాగు. వాగు మీద నురగ చూస్తే జిల్లా మొత్తం ఒకేసారి బట్టలు ఉతుకుతోందా అనిపించేది. ప్రహరీ పదడుగులు, దాని మీద ముళ్ల కంచె. నా సరంజామా: లాఠీ, టార్చి, విజిల్, వాకీటాకీ, రెండు జతల యూనిఫాం, ఒక దోమతెర. దోమతెరకు ఉన్న చిల్లుల్లోంచి నేనే దూరొచ్చు.

ఫ్యాక్టరీ నాకు కొత్తది కాదు. నాలుగేళ్లుగా అక్కడే సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. కొత్తది ముట్టడి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బోరు నీళ్లు పాడవుతున్నాయని రెండు గేట్ల ముందూ టెంట్లు వేసి, బయటికి వచ్చేవాళ్లను ఆపారు. ఉత్పత్తి ఆపేశారు. కానీ బాయిలర్నీ, కోల్డ్ స్టోరేజీనీ, సగం వండిన రసాయనాలనూ వదిలేసి పోవడానికి లేదు. అందుకే కొద్దిమందిని లోపలే ఉంచారు. ఫోన్లో నాకొచ్చిన ఆర్డరు రెండు ముక్కలు. లోపలికి ఎవరూ రాకూడదు. బయటికి ఏదీ పోకూడదు.

ఆ డ్యూటీకి ఎవరూ ఒప్పుకోలేదు. నేను మాత్రం అడిగి మరీ వేయించుకున్నాను. ఎందుకో చెప్పాలంటే ఆ ఉదయం ఇంట్లో జరిగింది చెప్పాలి.

పెళ్లై ఇరవై రెండేళ్లు. కూతురు రుద్రారంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇల్లు ఖాళీ. భార్యాభర్తలం. అంతకు మించి వివరం అక్కర్లేదు. తర్వాత నా భార్య సుజాత లేచి బర్రె దగ్గరికి వెళ్లింది. నేను దుప్పటి వైపు చూశాను. మరక ఎర్రగా ఉంది. వీర్యంలో రక్తం.

నొప్పి లేదు. మంట లేదు. మరక రూపాయి బిళ్లంత. నా కంటికి మాత్రం అది తెలంగాణ పటమంత కనిపించింది. దుప్పటిని చుట్ట చుట్టి, ఉతికే బట్టల అడుగున కుక్కాను. మా నాయన గుర్తొచ్చాడు. ఆయన ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయాడు. పోకముందు చాలా కాలం ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పే రోజుకు అది ఎముకల్లోకి వెళ్లిపోయింది. ఆ మరక చూసేనాటికి నాకు నలభై ఏడు. డాక్టరు దగ్గరికి పోతే ఏం వినాల్సి వస్తుందోనని, ఇంట్లో ఉంటే సుజాత మొహం చూడాల్సి వస్తుందని ఫోన్ తీసి ముట్టడి డ్యూటీకి పేరిచ్చాను. సరిహద్దుకు కూడా అంత ఆత్రంగా పోలేదు.

దాక్కోవడానికి మంచి చోటే దొరికిందనుకున్నాను. పదింటికి మహిళా సంఘం ట్రాక్టరు వచ్చి టెంటు ముందు ఆగింది. ట్రాలీలోంచి మూడో మనిషిగా దిగింది నా భార్య.

గేటు చువ్వల దాకా వచ్చింది. చీర మీద ఉద్యమం బ్యాడ్జీ.

"ఏమయ్యా, పొద్దుగాల చెప్పకుండ ఎందుకు ఉరికినవ్?"

"డ్యూటీ పడ్డది."

"పడ్డదా, ఏస్కున్నవా? మన బోరు నురగ కక్కుతున్నది. నువ్వేమో ఈళ్లకు కావలి."

"జీతం గీళ్లే ఇస్తున్నరు గద."

"నీళ్లు గూడ గీళ్లే ఇస్తున్నరు, తాగు మరి," అని వెళ్లి ముందు వరసలో కూర్చుంది. అందరితో కలిసి ఫ్యాక్టరీ బందు చేయాలని అరిచింది. మధ్యాహ్నం ఆ గొంతుతోనే నన్ను పిలిచి, గేటు కింద సందులోంచి టిఫిన్ డబ్బా తోసింది. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర. ఆ ముట్టడి అలాంటిది. లోపలున్న మాకు అన్నం పెట్టింది బయట మమ్మల్ని బంధించినవాళ్లే. ఏ దేశపు సైన్యమూ ఇలా చేసి ఉండదు.

ఇక మైకు సంగతి. టెంటుకు పెద్ద మా చిన్నమామ, అంటే సుజాత బాబాయి. మొదట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే దారి ఇచ్చేవాళ్లు. అలాగే ఒక మేనేజరు కడుపునొప్పి అని పొట్ట పట్టుకుని బయటికి పోయాడు. సాయంత్రం టీవీలో ప్రత్యక్షమై, ఊళ్లవాళ్లదే తప్పని నవ్వుతూ మాట్లాడాడు. ఆ కోపంతో మామ రూలు పెట్టాడు.

"ఇగ నుంచి లోపట్నుంచి ఎవలు బయటికి వోవాల్నన్నా, ఏం రోగమో మైకుల చెప్పి వోవాలె. ఊరంత ఇనాలె. అబద్ధమైతే ఊరే చూస్కుంటది."

దానికి మొదట బలైంది మా క్యాంటీన్ వంటమాస్టరు. మైకు గరగరలాడింది. "వంటమాస్టరుకు మూలశంకనంట. రక్తం వడుతున్నదంట. పెద్దమనిషి, జెర దారియ్యండ్రి." రెండు టెంట్లలోనూ, వాగు అవతల పొలాల్లోనూ, మూడు ఊళ్లలోనూ విన్నారు. నా లెక్కలో బొల్లారం దాకా వినిపించింది. టెంటు ఆడవాళ్లు జాలిపడి ఆయనకు అరటిపళ్లు ఇచ్చారు. వాటిని చేతిలో పట్టుకుని ఆయన నడిచిన నడక చూశాక, లోపల ఎవరికీ మళ్లీ రోగం రాలేదు.

నాది మూలశంక కూడా కాదు. దానికి మైకులో వాడే మాట కూడా లేదు. మామ నోట నా పేరూ, ఆ మాటా పక్కపక్కన ఊహించుకున్నాను. చనిపోవడమే కాస్త మర్యాదగా అనిపించింది.

లోపల నాకున్న తోడు బాయిలర్ ఆపరేటరు. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఉద్యోగం కోసం వచ్చి పటాన్‌చెరులో ఇల్లు కట్టాడు. ఈయన పుట్టింది ఇక్కడే, మాట మాత్రం ఇంకా గోదావరి దాటి రాలేదు. వాకీటాకీలో మా మాటలు ఇలా ఉండేవి.

"బాయిలర్, గేటు."

"చెప్పండి గేటూ."

"ప్రెషర్ ఎట్లున్నది?"

"బానే ఉందండి. మీదెలా ఉంది?"

ఆ ప్రశ్నకు జవాబు అప్పట్లో ఎవరికీ తెలియదు.

మూడో రోజు టీ తాగుతూ ఆయనే కదిపాడు. "హవల్దార్ గారూ, మొహం అలా వాడిపోయిందేంటండి?"

లోకంలో ఇలాంటి రోగాలన్నీ స్నేహితులకే వస్తాయి. నాదీ అంతే. "మా దోస్తు ఒకడున్నడు. వాని వీర్యంల ఎర్రగ పడ్డదంట."

ఆయన గ్లాసు దించి ఆలోచించాడు. "మీ దోస్తు ఎర్ర బ్లాకు దగ్గర చేస్తాడా?"

"చేస్తడు."

"అయితే రంగండి అది. భయపడొద్దని చెప్పండి."

ఎర్ర బ్లాకంటే మా ఫ్యాక్టరీలో క్షయ మందు తయారయ్యే షెడ్డు. ఆ పొడి ఇటుక ఎరుపు. అందులో పనిచేసేవాళ్ల చెమట ఎర్రబడుతుంది, మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, కన్నీళ్లకు కూడా రంగొస్తుంది. మా వైపు ఇళ్లలో దండెం మీద గులాబీ రంగు బనియన్లు ఆరేస్తే ఆ ఇంటి మగాడు ఏ బ్లాకులో చేస్తాడో అడగనక్కర్లేదు. మామూలు రోజుల్లో ఆ షెడ్డు గేటు దగ్గర, బయటికొచ్చేవాళ్ల జేబులు తడిమి పంపేది నేనే.

వేరే ఊళ్లో మనిషి ఎర్ర మరక చూస్తే రక్తం అనుకుంటాడు. మా దగ్గర ఎర్ర మరక చూస్తే ఏ షిఫ్టు అని అడుగుతారు. నాకు ఊపిరొచ్చింది. ఆ పూట టిఫిన్ డబ్బా అడుగు కూడా నాకాను. గేటు సందులోంచి సుజాత అడిగింది, "ఏంది, ఇయ్యాల మొహంల కళ వచ్చింది?"

"ఏం లేదు. నిద్ర వట్టింది."

ఆమె చువ్వల మధ్యలోంచి కొంచెంసేపు చూసి వెళ్లిపోయింది.

కళ రెండు రోజులే ఉంది. అయిదో రోజు పగటి విశ్రాంతిలో గార్డు గదిలో పడుకున్నాను. నలభై ఏడేళ్ల వయసులో కుర్రాళ్లకు జరిగేది నాకు నిద్రలో జరిగింది. మామూలుగా అయితే ఊరంతా చెప్పుకుని మురిసేవాణ్ని. లేచి లుంగీ చూసుకున్నాను. ఈసారి ఎరుపు కాదు. పాత రేకు మీది తుప్పు రంగు.

గదిలోంచి బయటికి వస్తే ఎదురుగా ఎర్ర బ్లాకు ఆపరేటరు కనిపించాడు. ట్యాంకులు కడిగి వచ్చాడు. మెడ మీద చెమట ఎర్రగా కారుతోంది. కళ్ల కొసలు ఎర్రగా. నేను నాలుగు రోజులుగా ఆ షెడ్డు దరిదాపులకు కూడా పోలేదు. ఆయన్ని ఆపాను.

"అన్నా, నీ మూత్రం ఏ రంగుల వస్తది?"

ఆయన బిత్తరపోయాడు. "సార్, గిదేం చెకింగ్? జేబులైపోయినయా?"

"చెప్పు జెర."

"ఫాంటా లెక్క వస్తది. ఎప్పుడు వోసినా గంతే."

నాది మంచినీళ్లలా ఉంది. చెమట తెల్లగా ఉంది. బనియన్ తెల్లగా ఉంది. పొడి రంగే అయితే అన్నిట్లోనూ దిగాలి. నాకు ఒక్కదాంట్లోనే దిగింది. అంటే అది రంగు కాదు. నేను రెండు రోజులుగా రక్తాన్ని రంగు అని పిలుచుకుంటున్నాను.

ఆ తర్వాత ప్రహరీ రోజూ ఒక అడుగు ఎత్తు పెరిగింది. ఇది అతిశయోక్తి కాదు, అలాగే కనిపించింది. మెడ వెనక నొప్పి మొదలైంది. ఎండ అనుకున్నాను. గేటు తాళంచెవి నా నడుముకే ఉంది. తాళం తీయడానికి అరక్షణం పడుతుంది. కానీ బయట మైకు ఉంది. లోపలుంటే నాయన పోయిన దారి. బయటికి పోతే మూడు ఊళ్ల చెవులు. ఆ ఆరడుగుల మంచులో కూడా నాకు ఇంత ఇరుకు తెలియలేదు.

ఒకరోజు ఉదయం బాయిలర్ ఆపరేటరు నన్ను చూసి, "ఆ దోస్తు ఇంకా డాక్టరు దగ్గరికి వెళ్లలేదాండీ?" అన్నాడు.

"దారి లేదు వానికి."

"తాళం మీ దగ్గరే ఉంది కదండీ," అని బాయిలర్ వైపు నడిచాడు. అంటే ఆ దోస్తు నేనేనని ఆయనకు ముందే తెలుసు.

తాళం తీశాను. టెంటు కింద ఎనభై మంది. నా కంటికి ఎనిమిది వేలు. మామ మైకు పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏందల్లుడా, నువ్వు గూడనా? ఏం రోగం?"

"దవాఖానకు పోవాలె మామా."

"పో, వద్దన్ననా? రోగం చెప్పు, నేను చెప్త మైకుల. అల్లుడైనా రూలు రూలే."

అప్పుడు నేను మామ చేతిలోంచి మైకు తీసుకున్నాను. అటెన్షన్‌లో నిలబడ్డాను. స్పష్టంగా చెప్పాను. "నాకు వీర్యంల రక్తం వచ్చింది. రెండు మాట్ల వచ్చింది. మా నాయన ప్రోస్టేట్ క్యాన్సర్‌తోటి పోయిండు, ఎవలకు చెప్పకుండ పోయిండు. నేను గట్ల పోను. దారియ్యండ్రి." టెంటు మొత్తం లేచి నిలబడింది. ఎవరూ నవ్వలేదు. మామ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. సుజాత వచ్చి నా పక్కన నిలబడింది. ట్రాలీ ఆటో ఎక్కి ఇద్దరం సంగారెడ్డి వెళ్లాం.

అక్కడ మూత్ర సంబంధ జబ్బులు చూసే డాక్టరు మమ్మల్ని చూడగానే, "పేషెంటు ఎవరు?" అని సుజాత వైపు తిరిగాడు. ఆమె నుదుటికి తడిగుడ్డ కట్టి ఉంది. అదెందుకు ఉందో తర్వాత చెబుతాను.

"ఆయననే సార్," అంది సుజాత.

డాక్టరు నా మొహం చూసి గొంతు తగ్గించాడు. వరసగా అడిగాడు. మూత్రంలో రక్తం ఉందా? మంట? జ్వరం? వృషణాల్లో నొప్పి గానీ వాపు గానీ? రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? ఇంకెక్కడి నుంచైనా రక్తం కారుతోందా? అన్నిటికీ లేదన్నాను.

"ఇంట్లో ఎవరికైనా ప్రోస్టేట్ క్యాన్సర్?"

"మా నాయనకు."

పెన్ను ఆగింది. నా గుండె కూడా కాస్త ఆగి ఉంటుంది.

"భయపడకండి," అన్నాడు. "వీర్యంలో రక్తం చూసిన ప్రతివాడూ వీలునామా రాసుకునే వస్తాడు. చాలామందిలో అది ప్రమాదం కాదు, దానంతట అదే తగ్గిపోతుంది. ప్రోస్టేట్ గ్రంథిలోనో, పక్కన వీర్యం నిలవుండే తిత్తుల్లోనో వాపు, ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. చాలాసార్లు వెతికినా కారణం దొరకదు. నలభై లోపు మనిషికి ఒక్కసారి కనిపించి, వేరే ఇబ్బందేదీ లేకపోతే, మామూలు పరీక్షలు చేసి ధైర్యం చెప్పి పంపిస్తాం."

"మరి నాకు సార్?"

"మీకు నలభై దాటింది. మళ్లీ వచ్చింది. నాన్నగారి సంగతి ఉంది. ఇలాంటివాళ్లు తప్పకుండా చూపించుకోవాలి. కొన్ని వారాలైనా తగ్గనివాళ్లు, మూత్రంలో రక్తం, మంట, జ్వరం, వాపు ఉన్నవాళ్లు ఏ వయసువాళ్లైనా రావాలి. మీరు ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?"

"రంగనుకున్న సార్."

ఎర్ర బ్లాకు గురించి విని ఆయన నవ్వలేదు. ఈ ప్రాంతంలో చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తున్నట్టున్నాడు. "ఒకటి అడగాల్సింది మీరు. మిగతావన్నీ తెల్లగా ఎందుకున్నాయని."

"అడిగిన సార్. జెర లేటుగ అడిగిన."

తర్వాత చేతికి గ్లవ్ తొడుక్కుని, వెనక నుంచి వేలితో ప్రోస్టేట్ చూశాడు. అరనిమిషం పట్టింది. నా లెక్కలో అదొక పంచవర్ష ప్రణాళిక. మిలిటరీలో ఇంతకన్నా అవమానకరమైన పరీక్షలకు వరసలో నిలబడ్డాను, కానీ అక్కడ ముందు ఒకడూ వెనక ఒకడూ ఉండేవాడు. మూత్ర పరీక్షకు ఇచ్చాను. పీఎస్ఏ అనే రక్తపరీక్షకు ఇచ్చాను. నర్సు బీపీ పట్టీ చుట్టింది. ఒకసారి చూసింది. మళ్లీ చుట్టింది. నన్ను కాసేపు కూర్చోబెట్టి మూడోసారి డాక్టరే చూశాడు.

నూట తొంభై బై నూట పది. దీన్ని నేను పెంచలేదు. పెంచడానికి అందులో చోటు లేదు.

"బీపీ ఇంత ఎక్కువున్నవాళ్లలో కూడా ఇలా రక్తం రావచ్చు," అన్నాడు డాక్టరు. "మీకు ఇదే కారణం కావచ్చు, కాకపోవచ్చు. కానీ మిమ్మల్ని చంపాలంటే ఈ బీపీకి వేరే కారణం అక్కర్లేదు. మెడనొప్పి ఉందా?"

"ఎండ అనుకున్న సార్."

"అక్కడ రంగు, ఇక్కడ ఎండ," అన్నాడు సుజాత వైపు చూసి. "అమ్మా, ఈయన ఏదైనా అనుకుంటే నాకు ఫోన్ చేయండి."

ప్రోస్టేటు గట్టిపడలేదు. పీఎస్ఏ మామూలుగా ఉందని మర్నాడు తెలిసింది. మూత్రం శుభ్రం. బీపీ మాత్ర రోజుకొకటి, నెల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. తుప్పు రంగు తేలికై తేలికై, నెల తిరిగేసరికి పోయింది. పోయినా సరే డాక్టరు చెప్పిన రోజుకు వెళ్లాను. నాయనకు దొరకనిది నాకు దొరికింది. ఏమీ లేదనే మాట, పరీక్ష చేసినవాడి నోటి నుంచి.

ముట్టడి కూడా తేలింది. ఆఫీసర్లు జీపుల్లో వచ్చి బోరు నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. సీసాల్లో కూడా నురగ నిలబడే ఉంది. టెంట్లు విప్పారు. నేను లాఠీ, టార్చి, విజిల్ అప్పజెప్పి ఇంటికొచ్చాను. దోమతెర అక్కడే వదిలేశాను. దోమలకు అదొక్కటే ఆస్తి.

ఇక అబద్ధం సంగతి.

దోమతెర చిల్లులూ, పంచవర్ష ప్రణాళికా మీరు ఎలాగూ పట్టుకుని ఉంటారు. డాక్టరు మాటల్లో నేను చెయ్యి పెట్టలేదు. బీపీ అంకె నిజం. మైకు దగ్గర నేను మాట్లాడిన మాటలే అబద్ధం. ఒక్క అక్షరం కూడా అనలేదు. మామ రోగం చెప్పమని మైకు నా మూతి దగ్గర పెట్టాడు. నా ఊపిరి మూడు ఊళ్లకు వినిపించింది. అంతకు మించి ఏమీ రాలేదు. తాళంచెవి చేత్తో పట్టుకుని, వెనక్కి తిరిగి గేటు వైపు రెండడుగులు వేశాను కూడా.

అప్పుడు ముందు వరసలోంచి సుజాత లేచింది. బాబాయి చేతిలోంచి మైకు లాక్కుంది.

"రోగం ఆయనకు గాదు, నాకు. కండ్లు తిరుగుతున్నయి. నా పెనిమిటి నన్ను దవాఖానకు తీస్కపోనీకె వచ్చిండు. దారియ్యండ్రి."

అని నిజంగానే కూలబడింది. టెంటు టెంటంతా ఆమె మీద పడింది. ఒకరు సోడా తాగించారు. ఒకరు నుదుటికి తడిగుడ్డ కట్టారు. మామ ఏడుపు మొహంతో తన తుండు మడిచి తలకింద పెట్టాడు. నలుగురు ఎత్తి ట్రాలీ ఆటోలో పడుకోబెట్టారు. రోగమున్న నేను పక్కన కూర్చుని విసనకర్ర విసురుతున్నాను. "ధైర్యంగ ఉండు అల్లుడా," అని అందరూ నా భుజం తట్టారు.

ఆటో కదిలింది. టెంటు వెనకబడింది. వాగు వంతెన దాటాం. మైకు చప్పుడు వినబడనంత దూరం పోయాక, ఆ తడిగుడ్డ కింద నుంచి సుజాత ఒకే ఒక్క కన్ను తెరిచింది.

"ఇగ చెప్పు," అంది. "ఆ దుప్పటి ఉతికింది నేనే."

మంచు కొండలు మర్చిపోయాను. ఆ కన్ను మర్చిపోలేదు.